డిక్కీలో చప్పుడు

ఆ ఆదివారం కృపాదానం వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. పొద్దున్నే కారు తియ్యాలి. భార్య ఆనందకుమారిని ఎక్కించుకుని బుచ్చిరెడ్డిపాలెం నుంచి విడవలూరు మీదుగా సముద్రం పక్కనున్న ఆమె పుట్టినూరికి పోవాలి. అక్కడి చర్చిలో కోత పండుగ చూసుకుని, ప్రేమ విందులో బిర్యానీ తిని, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. కారు హెడ్‌లైట్లలో ఒకటి ఆకాశాన్నీ రెండోది పంట కాలువనూ చూస్తుంది కాబట్టి ఆ చివరి మాట ముఖ్యం.

కారు ప్రీమియర్ పద్మిని, మీగడ రంగు. కృపాదానం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్న రోజుల్లో నెల్లూరులో ఒక డాక్టరు దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నాడు. కృపాదానం రిటైరై చాలా ఏళ్లయింది గాని కారుకు ఆ భాగ్యం కలగలేదు. రేడియేటరు కారితే గుప్పెడు పసుపు పోసేవాడు. పెట్రోలు ట్యాంకు చెమరిస్తే బట్టల సబ్బు రుద్దేవాడు. ప్లాటినం పాయింట్లు మాడితే అగ్గిపెట్టె గరుకుతో గీకేవాడు. ఇప్పటి కార్లకు జబ్బు చేస్తే కంప్యూటరు తగిలించాలి, దీనికి చెవి పెడితే చాలు అని ఆయన గర్వం. ఆ చెవి కూడా ఉత్త చెవి కాదు. రిటైరైన రోజు తోటివాళ్లు శాలువాతో పాటు ఇచ్చిన స్టెతస్కోపు ఒకటి ఆయన దగ్గరుంది. గేదె పొట్టకు పెట్టినట్టే ఇంజనుకు పెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. బుచ్చికి కొత్తగా వచ్చినవాళ్లు ఆగి చూసేవాళ్లు. పాతవాళ్లు జబ్బేమిటని అడిగేవాళ్లు.

ఆనందకుమారికి కారు వీధిలో ఉన్నంతసేపూ దాని మీద పగ లేదు. అది ముక్కలు ముక్కలుగా ఇంట్లోకి రావడమే ఆమె బాధ. అటక మీద పాత కార్బురేటరు, మంచం కింద డైనమో, బియ్యం డబ్బా వెనక రెండు హారన్లు. పారేద్దామంటే "ఎప్పటికైనా పనికొస్తాయి" అంటాడు. అసలు బాకీ ఇంకొకటుంది. కూతురు ఎవాంజెలిన్‌ని కనడానికి నెల్లూరు ఆసుపత్రికి పోతున్న రోజు దారిలో ఫ్యాన్ బెల్టు తెగితే, ఆయన ఆమె కొత్త పట్టుచీర చెంగు చించి బెల్టుగా కట్టాడు. కూతురు క్షేమంగా పుట్టింది. చీర మాత్రం మళ్లీ రాలేదు.

ఆ పొద్దున కూడా వాదన మామూలుగానే మొదలైంది.

"మిల్లులో మన వడ్లు మూడు పుట్లుండాయి. అమ్మంగానే ఇంజను బోరింగు చేయిస్తా," అన్నాడు కృపాదానం, రేడియేటర్లో నీళ్లు పోస్తూ.

"ఆ మూడు పుట్లూ ఫ్రిజ్జుకి, వంటింటి టైల్సుకి. నేనెప్పుడో అనుకున్నా."

"ఇంజను పొగ కక్కతా ఉంది ఆనందా."

"నా ఫ్రిజ్జు నీళ్లు కక్కతా ఉంది. దానికి ఒక్కరోజన్నా స్టెతస్కోపు పెట్టినారా?"

పుట్టి అంటే ఇంచుమించు పది బస్తాలు. తిండి గింజలు పోను మిగిలిన ఆ మూడు పుట్లూ స్నేహితుడు పద్మనాభయ్య రైసు మిల్లు గోడౌన్లో ఉన్నాయి. వాటి మీదే ఆ యింట్లో రెండు రాజ్యాలు నిలబడి ఉన్నాయి.

"కానుకలు నేనే డిక్కీలో పెట్టి తాళం వేసినా," అంది ఆనందకుమారి, కారెక్కుతూ. "గుమ్మడికాయ, బియ్యం మూట. ఈ యేడు దేవుడి దయవల్ల మనింట్లో నుంచి ఒక పెద్ద అడ్డం గూడా పోతాది."

"ఏం అడ్డం?"

"పోయినాక చూద్దురు గానీ."

నెల రోజులుగా వరండాలో కాలికి తగులుతున్న గుమ్మడికాయ గురించే అనుకున్నాడు కృపాదానం. చోక్ లాగి, స్టార్టు చేసి, స్టీరింగు పక్కనున్న గేరు ముందుకు తోశాడు.

ఊరు దాటకముందే వినిపించింది. కిణ్. గతుకు వచ్చింది. కిణ్ కిణ్.

కృపాదానం వీపు నిటారైంది. ఆ కారులోని ప్రతి శబ్దమూ ఆయనకు పేరు పెట్టి పిలిచేంత చనువు. రెండో గేరు మూలుగు, బ్రేకు కిచకిచ, ఎడమ తలుపు గొణుగుడు అన్నీ ఇంటివాళ్లే. ఈ కిణ్ ఎవరో తెలియదు.

"ఇన్నావా?"

"నాకేం వినపడలా," అంది ఆనందకుమారి, అడిగినదాని కంటే ముందే.

"వెనక నుంచి వస్తా ఉంది. గుమ్మడికాయ దొర్లితే దబ్బుమనాల. ఇది ఇనుము మీద ఇనుము."

"బండి పాతదయింది. పోనీండి."

పోనిచ్చే మనిషైతే ఆయన కృపాదానం ఎందుకవుతాడు? చప్పుడు ఎక్కడిదో తెలియాలంటే ఒకరు నడపాలి, ఇంకొకరు వెనక కూర్చుని వినాలి. కారు నేరుగా మిల్లు ముందు ఆపాడు. పద్మనాభయ్య పేపరు చదువుకుంటున్నాడు. తన పెళ్లికి ఈ కారులోనే ఊరేగాడు కాబట్టి ఆయనకూ దీని మీద కాస్త హక్కుంది.

"రా పద్మనాభయ్యా, పది నిమిషాల్లో దింపేస్తా. కొత్త చప్పుడొకటి వచ్చింది."

"కొత్త చప్పుడా!" పద్మనాభయ్య పేపరు అక్కడే వదిలేసి వెనక సీట్లో కూర్చున్నాడు. కృపాదానం స్టెతస్కోపు ఆయన చెవులకు తగిలించి, గుండ్రని బిళ్లను సీటు వెనక్కి ఆనించి పట్టుకోమన్నాడు. పది నిమిషాలు గడిచాయి. అరగంట గడిచింది. రోడ్డుకి రెండువైపులా వరి మడులు పోయి రొయ్యల గుంటలు వచ్చాయి.

"ఏం వినపడతా ఉంది?"

"సముద్రం," అన్నాడు పద్మనాభయ్య.

ఇక లాభం లేదని కృపాదానం కారు పక్కకు ఆపి డిక్కీ తెరవబోయాడు. ఆనందకుమారి ఒక్క గంతులో వెనక్కి వచ్చి తాళంచెవి మీద చెయ్యి వేసింది.

"దేవుడికిచ్చేది మధ్యలో తెరిచి చూడకూడదు!"

"ఎవురు చెప్పినారు?"

"మా నాయన."

ఆమె ఇటు తిప్పింది, ఆయన అటు తిప్పాడు. ముప్పై ఏళ్లకు పైగా అరిగిన డిక్కీ తాళంచెవి ఇద్దరి మాటా వినలేక సగానికి విరిగింది. సగం ఆయన చేతిలో, సగం తాళంలో. కృపాదానం స్టెతస్కోపు తీసుకుని తన చెవులకు పెట్టుకుని, బిళ్లను డిక్కీ మూతకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"కారు ఊపు పద్మనాభయ్యా."

మిల్లు యజమాని రోడ్డు మీద నిలబడి కారు ఊపుతుంటే అటు పోయే రొయ్యల లారీలు స్లో అయ్యాయి. ఆనందకుమారి ఓపిక తెగింది.

"ఈ కారుని గూడా ఆ కానుకలతో పాటు దేవుడికిచ్చెయ్యరాదా! నా ప్రాణం సుఖపడతాది!"

చెవులు మూసుకుని ఉన్న మొగుడికి అది వినపడలేదు. పద్మనాభయ్యకు బాగా వినపడింది గాని, మొగుడూ పెళ్లాల మధ్య మూడోమనిషి మాట్లాడకూడదని కారు ఊపుతూ ఊరుకున్నాడు. కృపాదానం కళ్లు తెరిచేటప్పటికి ఆమె ముఖం తిప్పుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది. అంతటి మాటకు ఆయన ఎదురు చెప్పకపోవడం ఆమెకు వింతగా తోచింది. మనసు కొంచెం చివుక్కుమంది కూడా.

విడవలూరు బస్టాండు దగ్గర మగ్దలీనమ్మ నిలబడి ఉంది. ఆనందకుమారి పుట్టినూరి ముసలామె. కానుకగా ఇవ్వడానికి తెచ్చిన మేకపిల్లను కండక్టరు ఎక్కించుకోనన్నాడట. ఆమెనూ మేకపిల్లనూ పద్మనాభయ్య పక్కన ఎక్కించారు.

"ఏందయ్యా, సత్తు గిన్నెలో గవ్వలేసి ఆడించినట్టు ఆ చప్పుడు?" అంది మగ్దలీనమ్మ, నాలుగు గజాలు పోగానే.

"చూసినావా!" అన్నాడు కృపాదానం. అంతకు మించిన సాక్ష్యం ఆయనకు అక్కర్లేదు. మేకపిల్ల మాత్రం స్టెతస్కోపు గొట్టాన్ని రుచి చూసింది.

ఆ ఊరి కోత పండుగకు ఒక పద్ధతుంది. ఎవరి పంట వాళ్లు, ఎవరి కలిమి వాళ్లు తెచ్చి వేదిక ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పాట డబ్బుల్లో కాదు, వడ్లల్లో. కోడికి కుంచాలు, మేకకు బస్తాలు. ఇచ్చినవాళ్లు తమ వస్తువును తామే పాడుకోవడం మర్యాద కాదు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు.

సంఘం సెక్రటరీ అబ్రహాము సుద్దముక్క పట్టుకుని కానుకలకు నంబర్లు వేస్తున్నాడు. కారుని వెనక్కి తిప్పించి, డిక్కీ వేదిక వైపుండేలా షామియానా పక్కన పెట్టించాడు. తాళంచెవి విరిగిందని తెలిసి కాసేపు మూతను గుద్దాడు. అది ఊడిరాలేదు.

"తర్వాత ఊడదీద్దాంలే అన్నా. కానుకలు లోపలే ఉండాయి గదా," అని డిక్కీ మూత మీదే పెద్దగా 17 అని రాసి, బిర్యానీ చూసుకోవడానికి షామియానా వెనక్కి పోయాడు. కథలో తప్పు చేసిన మనిషి ఎవరైనా ఉంటే అతనే. కాకపోతే ఆకలితో ఉన్న మూడొందల మందికి అన్నం పెట్టబోయే మనిషిని ఎవరేమంటారు?

పాస్టరు గారు ఆ రోజు మంచి ఊపుమీద మాట్లాడారు. దేవునికి ఇచ్చినదాన్ని మనసులో కూడా వెనక్కి తీసుకోకూడదని మూడుసార్లు చెప్పారు. ఎవరు ఏది ఇచ్చినా, ఎవరు ఎంతకు పాడినా మాట మాటేనన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది కృపాదానమే.

వేలం వెయ్యడానికి పాస్టరు గారి మేనల్లుడు రవి కుమార్ మనుబోలు నుంచి వచ్చాడు. కంచుగొంతు, ఊరికి కొత్త. గుమ్మడికాయలూ కొబ్బరిబోండాలూ అయ్యాయి. పదహారో నంబరు మేకపిల్ల రెండు బస్తాలకు పోయింది. రవి కుమార్ తరువాతి నంబరు కోసం చుట్టూ చూశాడు. షామియానా పక్కన మీగడ రంగు కారు, దాని మీద 17. అతను ఆ అంకెను రెండుసార్లు చూసుకున్నాడు.

"పదిహేడో నంబరు... సహోదరులారా... కారు! కృపాదానం గారి కుటుంబం కారిచ్చినారు!"

షామియానా ఒక్కసారి చప్పట్లతో లేచిపోయింది. పాస్టరు గారు దిగివచ్చి, కృపాదానాన్ని కౌగిలించుకుని, కళ్లు తుడుచుకుని, అక్కడికక్కడే చిన్న ప్రార్థన చేశారు. కృపాదానం నోరు తెరిచాడు. పొద్దున తను చెప్పిన ఆమెన్ గుర్తొచ్చి మూసుకున్నాడు. ఆడవాళ్ల వైపు చూశాడు. ఆనందకుమారి కొయ్యబారిపోయి ఆయన్నే చూస్తోంది.

ఆయనకు అంతా అర్థమైపోయింది. ఇంట్లో నుంచి పోయే పెద్ద అడ్డం గుమ్మడికాయ కాదు, కారు! అందుకే దేవుడికిచ్చేది తెరవకూడదని డిక్కీ తెరవనీయలేదు. అందుకే పోయినాక చూద్దురు గానీ అంది. ఇన్నేళ్లు నేను ఎంత విసిగించి ఉంటే ఆ మనిషి ఇంత పని చేసింది, అనుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. దుఃఖం వచ్చింది.

ఆమెకూ అంతా అర్థమైపోయింది. కోపంలో ఒక మాట తూలింది. ఆ మనిషి బదులు చెప్పకుండా కళ్లు మూసుకున్నాడు. తన ప్రాణం సుఖపడాలని ఆయన తన ప్రాణం లాంటి కారుని దేవుడికిచ్చేశాడు! ఇట్లాంటి మనిషితోనా తను ఫ్రిజ్జు కోసం పోట్లాడింది?

కృపాదానం పద్మనాభయ్య పక్కకు జరిగాడు.

"ఆనంద కారిచ్చేసింది."

"పొద్దున అన్నింది గదా. నేను ఇన్నా."

"నువ్వు ఇన్నావా!" ఉన్న కాస్త అనుమానమూ పోయింది. "నేను పాడితే బాగుండదు. నువ్వు పాడు. నీ గోడౌన్లో నావి మూడు పుట్లుండాయి, ఆడిదాకా పో. ఆమెకి మాత్రం తెలవకూడదు."

సరిగ్గా అదే సమయంలో అటువైపు ఆనందకుమారి మగ్దలీనమ్మ చెవిలో వంగింది.

"పెద్దమ్మా, నేను పాడితే బాగుండదు. నువ్వు పాడు. మిల్లులో మావి మూడు పుట్లుండాయి. ఆయనకి మాత్రం తెలవనీబాక."

"అర పుట్టి!" అన్నాడు పద్మనాభయ్య.

"పుట్టి!" అంది మగ్దలీనమ్మ.

జనం తలలు ఒక్కసారి తిరిగాయి. రెండు మేకలు తప్ప సైకిలు కూడా లేని మనిషి. కారుని ఏం చేసుకుంటుంది? మేకల్ని తిప్పుతుందా? వెనక వరుసలవాళ్లు కుర్చీలెక్కి చూశారు. పద్మనాభయ్యకు కూడా అదే ఆశ్చర్యం. పొద్దున తన పక్కన కూర్చుని, మేకపిల్ల నోట్లో నుంచి స్టెతస్కోపు లాగిన ముసలామె.

"పుట్టిన్నర!"

"రెండు!"

"రెండున్నర!" అన్నాడు పద్మనాభయ్య. ఆయన మీసం కదులుతోంది. వడ్లు తనవి కాకపోయినా రోషం తనదే.

మగ్దలీనమ్మ ఆనందకుమారి వైపు చూసింది. ఆనందకుమారి కళ్లు మూసుకుని తల ఊపింది. ఫ్రిజ్జు పోయింది, టైల్సు పోయాయి.

"మూడు పుట్లు!"

పద్మనాభయ్య కృపాదానాన్ని చూశాడు. మూడు పుట్ల మీద స్నేహితుడి దగ్గర తిండి గింజలు తప్ప ఇంకేం లేవు. కృపాదానం లెక్క వేసుకోకుండానే తల ఊపాడు.

"మూడు పుట్లు, ఇంకొక బస్తా!"

రవి కుమార్ చెయ్యెత్తాడు. "ఒకటోసారి... రెండోసారి..."

ఆనందకుమారి మొహం వాడిపోయింది. మగ్దలీనమ్మ అది చూసింది. చిన్నప్పుడు తను ఎత్తుకు తిప్పిన పిల్ల. ముసలామె లేచి నిలబడి కొంగు బిగించింది.

"మూడు పుట్లు, ఒక మేక!"

"అమ్మా, మీ మేక ఇప్పుడే పదహారో నంబర్లో పోయింది," అన్నాడు రవి కుమార్ వినయంగా.

"అది పిల్ల నాయనా. తల్లి ఇంటికాడుంది!"

కృపాదానం స్నేహితుడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఒక ముసలామె ఇంటికాడి మేకతో పోటీపడే మనసు ఆయనకు లేకపోయింది. మూడోసారి అనిపించుకుని పాట ముగిసింది.

ఆయన లేచి కారు దగ్గరకు పోయాడు. డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు మీద చెయ్యి పెట్టాడు. ఈ చోక్ మగ్దలీనమ్మకు ఎవరు నేర్పుతారు? వానాకాలం డిస్ట్రిబ్యూటరు మూతలో తేమ తుడవాలని ఆమెకు ఎవరు చెబుతారు? కారు చెయ్యి దాటేముందు ఆ కిణ్ ఏమిటో కూడా తెలియలేదు. ఆ చివరి సంగతికి మాత్రం ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్క తలుపు గొణుగుతూ తెరుచుకుంది. ఆనందకుమారి వచ్చి కూర్చుంది.

"ఏడవబాకండి. కారు మనదే. మగ్దలీనమ్మ పాడింది నా కోసరం."

"నీ కోసరమా? నువ్వే ఇచ్చి మళ్లా నువ్వే ఎందుకు పాడినావు?"

"నేనిచ్చినానా? ఇచ్చింది మీరు గదా!"

"నేనా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ ఒకేసారి తలలు కిటికీల్లోంచి బయటపెట్టి అరిచారు.

"అబ్రహామూ!"

అబ్రహాము బిర్యానీ గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని గరిటె కింద పెట్టాడు. "కారేంది అన్నా? పదిహేడంటే డిక్కీలో ఉండేటివి! మూత తెరుచుకోకపోతే మూత మీద రాసినా. అంతే!"

ఊరంతా కారు చుట్టూ మూగింది. మూడు పుట్ల వడ్లకూ ఒక మేకకూ పలికిన పదిహేడో నంబరు ఏమిటో చూడాలని అందరికీ ఒకటే ఆత్రం. కృపాదానం వెనక సీటు ఊడదీసి, ఆ సందులో నుంచి డిక్కీలోకి దూరాడు. బయట ఆయన కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మొదట బియ్యం మూట వచ్చింది. తర్వాత గుమ్మడికాయ వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు.

"ఆనందా," అంది లోపలి నుంచి గొంతు. "ఇది నా కార్బురేటరు."

గోతంసంచి కిణ్ కిణ్ మంటూ బయటకు వచ్చింది. డైనమో, రెండు హారన్లు, హబ్‌క్యాపులు, అటక మీది సంసారం మొత్తం. ఇంట్లో నుంచి పోవాల్సిన పెద్ద అడ్డం అదేనని, పాతసామాను కొనేవాడెవడో ఒకడు కుంచెడు వడ్లకైనా పాడతాడని తెచ్చానని ఆనందకుమారి నేల చూస్తూ ఒప్పుకుంది. పొద్దున్నుంచి కృపాదానం స్టెతస్కోపు పెట్టి వెతికింది తన సామానునే.

సంచి అడుగున గ్రీజు మరకల గుడ్డపేలిక ఒకటి చుట్ట చుట్టి ఉంది. ఆమె తీసి విప్పింది. మరక పట్టని చోట ఇంకా నెమలికంఠం రంగు మెరుస్తోంది. ఆ పట్టుచీర చెంగు.

"దీన్ని ఎందుకు దాచినారు?"

"అది గూడా స్పేరే," అన్నాడు కృపాదానం, దుమ్ము దులుపుకుంటూ. "పనికొచ్చింది గదా ఒకసారి."

ఆమె దాన్ని సంచిలో వెయ్యలేదు. మడిచి బొడ్లో దోపుకుంది.

పద్మనాభయ్య అప్పటికి గుమ్మడికాయ మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "అటు పాడింది నా గోడౌన్లో వడ్లే, ఇటు పాడింది నా గోడౌన్లో వడ్లే! ఒకే కుప్ప మీద మొగుడూ పెళ్లాం పందెం కాసినారు సామీ!"

పాస్టరు గారు ఇబ్బందిగా దగ్గారు. "పొరపాటు జరిగింది. పాట రద్దు చేద్దామా?"

"అట్టెట్టయ్యా?" అంది మగ్దలీనమ్మ. "మాట మాటేనని పొద్దున మీరే గదా చెప్పినారు. నా మేకని నేను వెనక్కి అడగతా ఉండానా?"

ఆ మాటకు ఆమెన్ అనక తప్పలేదు. మూడు పుట్లు చర్చికి రాసుకున్నారు. మగ్దలీనమ్మకు తల్లిమేక లాంటి మేకను కొనిస్తానని ఆనందకుమారి మాటిచ్చింది. పదిహేడో నంబరు, అంటే ఒక గుమ్మడికాయ, ఒక బియ్యం మూట, ఒక గోతంసంచి సామాను, పాట పాడినవాళ్లకే దక్కింది.

చీకటి పడకముందే బయల్దేరారు. వెనక పద్మనాభయ్య గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని బిర్యానీ మత్తులో నిద్రపోయాడు. ముందు సీట్లో ఆనందకుమారి చప్పుడు కాకుండా కార్బురేటరును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. రొయ్యల గుంటల మీద నుంచి ఉప్పుగాలి కొడుతోంది. గతుకులు వచ్చాయి, పోయాయి. కిణ్ లేదు. కృపాదానం మూడో గేరు వేసి, చెవి ఒగ్గి విని, సంతోషం పట్టలేకపోయాడు.

"బండి బలే తేలిగ్గా పోతా ఉంది, చూసినావా ఆనందా?"

"పోదా మరి," అంది ఆనందకుమారి. "మూడు పుట్లు దించినాం గదా."